పచ్చని సీమలో ఒక ప్రశ్న: బోయి భీమన్న

కోనసీమను చూచివచ్చినవారు ముందుగా దాని సొగసును గురించే చెబుతారు. అది సహజం. గౌతమికీ వశిష్ఠకూ నడుమ, వైనతేయ నీటితో తడిసి, సముద్రపుటొడ్డు దాకా పరచుకొన్న ఆ నేలలో కొబ్బరిచెట్టు కనబడని దిక్కు లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన పిదప కాలువలు ఊరూరా పారినాయి. గన్నవరం దగ్గర కాలువనీరు వంతెన మీదుగా వైనతేయను దాటి, రాజోలు వైపు నేలలను కూడ తడిపింది. అగ్రహారాల వేదఘోష, కనుమనాడు జగ్గన్నతోటకు తరలివచ్చే ఏకాదశరుద్రుల ప్రభలు, అంతర్వేది తీర్థం, లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ కాని వేళ కూడ ఆకలిగొన్నవారికి పెట్టిన అన్నం, ఇవన్నీ కలిసి కోనసీమ అంటే కొరత యెరుగని సీమ అనే పేరును తెచ్చిపెట్టినాయి.

ఆ పేరు అబద్ధమని ఎవరూ అనరు. కాని ఆ సీమలో ఒక కట్టుబాటు కూడ ఉండేది. ఎవరు దున్నవలెనో, ఎవరు కొలిపించుకోవలెనో, ఎవరు ఏ దారిని నడవవలెనో, ఏ రేవులో ఎవరు కడవ ముంచవలెనో మనిషి పుట్టకముందే నిశ్చయమై ఉండేది. ఊరు ఊరుగా ఉండేది, పేట పేటగా ఉండేది. ఈ ఏర్పాటును నిలబెట్టడానికి కాపలావాడు అక్కరలేకపోయినాడు. తెల్లవారితే సూర్యుడు పొడిచినంత సహజంగా అది సాగిపోయేది. కాలువ నీరు చేలలోకి పారేటప్పుడు ఎవరి కులమూ అడగలేదు. అదే నీరు ఊరి చెరువులో చేరిన తరువాత మెట్టు మెట్టుకూ అడిగింది.

ఈ ఏర్పాటు నడుమ నిలిచి, ఇది ఎందుకిట్లు ఉన్నదని అడిగిన పిల్లవాడు బోయి భీమన్న.

1911 సెప్టెంబరు 19వ తేదీన, నాటి రాజోలు తాలూకా మామిడికుదురు గ్రామంలో, ఒక నిరుపేద దళిత కుటుంబంలో ఆయన జన్మించినారు. మామిడికుదురుకు చేరువలోనే ఆదుర్రు అనే ఊరున్నది. అక్కడ బౌద్ధస్తూపపు శిథిలాలు నేటికీ ఉన్నాయి. పుట్టుకను బట్టి మనిషికి హెచ్చుతగ్గులు రావని బోధించిన ధర్మం ఒకనాడు ఆ లంకనేలల దాకా నడిచివచ్చినదనడానికి ఆ ఇటుకలే సాక్ష్యం. భీమన్న పుట్టేనాటికి ఆ దిబ్బ మిగిలినది గాని, ఆ మాట మిగలలేదు.

పాలేరు అంటే ఏమిటో నేటి పాఠకులలో పలువురికి తెలియకపోవచ్చును. ఏడాదికి ఇన్ని కుంచాల ధాన్యమని కుదుర్చుకొని, ఒక మోతుబరి ఇంట పనికి ఒప్పుకొన్నవాడు పాలేరు. కోడి కూయకముందే పశువులశాల శుభ్రం చేయడంతో వాని దినం మొదలవుతుంది. దుక్కి, నాటు, కోత, నూర్పు, మేత, కావడి, ఇంటి చాకిరి అన్నీ వానివే. పండుగకో పెళ్ళికో అప్పు చేసినాడా, ఆ ఏడాది జీతం అప్పులోకి, మరుసటి ఏడాది జీతం వడ్డీలోకి పోతుంది. తండ్రి చేసిన అప్పు తీరకపోతే కొడుకు కూడ ఆ చావడిలోకే వస్తాడు. చిన్నపిల్లలు పశువులు కాయడంతో మొదలుపెట్టి, మీసాలు వచ్చేనాటికి అరక పట్టేవారు. వారిని కొట్టి తెచ్చినవారు లేరు. వేరొక బ్రతుకు ఉన్నదని వారికి చెప్పినవారు కూడ లేరు. ఆ ఏర్పాటుకు బలమంతా అందులోనే ఉన్నది.

భీమన్నగారు ఆ బ్రతుకును దూరం నుంచి చూచి వ్రాసినవారు కారు. పాలేరు నుంచి పద్మశ్రీ దాకా సాగిన ప్రయాణమని ఆయన తన ఆత్మకథకు పేరు పెట్టుకొన్నారు. మొదటి మాటను దాచవలసిన అవసరం ఆయనకు కలుగలేదు.

ఆయన బాల్యంలోనే తెలుగునేల మీద కొన్ని గొంతులు లేస్తూ ఉండినాయి. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన ఒక మహాసభ జరిగి, పంచములమనే పేరును త్రోసిపుచ్చి, ఆది ఆంధ్రులమని చాటుకొన్నది. అప్పటికి భీమన్నకు ఆరేండ్లు. 1921 ప్రాంతంలో రాజమహేంద్రవరం నుంచి కుసుమ ధర్మన్నగారు, తెల్లదొరతనం వద్దన్నవారికి నల్లదొరతనం మాటేమిటని గుర్తుచేసే గేయం వ్రాసినారు. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి వెలువడినది. కాకినాడలో రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు పిఠాపురం మహారాజా అండతో హరిజన బాలబాలికలకు వసతిగృహం నడిపినారు. మదరాసు ప్రభుత్వపు లేబర్ శాఖ 1920 ప్రాంతం నుంచి పేటల్లో బడులు తెరవడానికీ, విద్యార్థి వేతనాలకూ కొంత ధనం వెచ్చించసాగినది. కట్టుబాటు గోడలో ఇవన్నీ చిన్న చిన్న బీటలు. ఆ బీటలలోనుంచి వెలుగు చూచిన కొద్దిమంది పిల్లలలో భీమన్న ఒకడు.

ఆ రోజుల్లో పేట పిల్లవాడు బడికి పోవడమంటే పలక పట్టుకొని పోవడంతో తీరే పని కాదు. అక్షరం నేర్చే హక్కు కొరకు వసారాలో, చూరు కింద, తోటివారికి ఎడంగా కూర్చోవలెను. దాహమైతే ఎవరో ఎత్తిపోయవలెను. ఇంటివద్ద ఒక చేయి పని తగ్గితే ఒక పూట గంజి తగ్గుతుంది. బడికి పోయిన పిల్లవాడు అటు రైతుకు పనికిరాకుండా, ఇటు పేటకు అక్కరకు రాకుండా పోతాడని తల్లిదండ్రులే భయపడేవారు. ఇన్ని గడపలు దాటి, భీమన్నగారు 1935లో మదరాసు విశ్వవిద్యాలయం నుంచి ఆర్థిక, రాజనీతి శాస్త్రాలలో పట్టభద్రులైనారు. 1937లో ఉపాధ్యాయ శిక్షణ పట్టాను కూడ పొందినారు.

ఆ చదువు సాగిన సంవత్సరాలు సామాన్యమైనవి కావు. 1932 సెప్టెంబరులో పూనా ఒడంబడిక జరిగినది. 1933 చివర గాంధీమహాత్ముడు హరిజనయాత్ర చేస్తూ ఆంధ్రదేశానికి వచ్చినాడు. 1936లో లాహోరు సంఘం ఒకటి పిలిచి, ప్రసంగపాఠం చూచిన మీదట వెనుకాడిన కారణాన, డాక్టర్ అంబేడ్కర్ కులనిర్మూలనపై తన ఉపన్యాసాన్ని తానే అచ్చువేయించినాడు. ఒకరు సవర్ణుల మనసు మారవలెనన్నారు. ఒకరు ఆ మనసును పెంచిన ఏర్పాటే పోవలెనన్నారు. ఇరవై నాలుగేండ్ల పట్టభద్రుడు ఈ రెండు మాటల మధ్య నిలుచున్నాడు. మొదట గాంధీజీ మాట ఆయనను ఆకర్షించినది. కాలం గడిచినకొద్దీ అంబేడ్కర్ తర్కం వైపు ఆయన మొగ్గినారు. ఆ కులనిర్మూలన గ్రంథాన్ని తరువాతి కాలంలో తామే తెలుగు చేసినారు.

చదువు ముగిసిన పిదప ఆయన పత్రికలలో పనిచేసినారు, బడులలో పాఠాలు చెప్పినారు. పల్లెవాని మాటను ఉత్తరాల రూపంలో వినిపించిన జానపదుని జాబులు ఆయనకు వచన రచయితగా పేరు తెచ్చినవి. అది భావకవిత్వపు గాలి వీస్తున్న కాలం. ఆ గాలి ఆయనకూ సోకినది. పద్యం మీద, పాట మీద, పువ్వు మీద, వెన్నెల మీద ఆయనకు గల మక్కువ చివరిదాకా పోలేదు. కోపాన్ని మాత్రమే ఎదురుచూచేవారికి ఇది వింతగా తోచవచ్చును. ఆలోచిస్తే అది కూడ ఒక హక్కును అడగడమే. పేటలో పుట్టినవాడు ఆకలిని గురించి మాత్రమే వ్రాయవలెనని ఎవరు నిర్ణయించినారు? కోనసీమ వెన్నెల కోనసీమ పేటల మీద కూడ కురిసినదే గదా. జాషువ కవి 1941లో గబ్బిలం వ్రాసి, కాళిదాసు మేఘాన్ని పంపినట్లు తన గబ్బిలాన్ని పంపినాడు. సుందరమైనదంతా తనది కూడ అని నిలబడడంలో భీమన్నగారిదీ అదే త్రోవ.

అయినప్పటికీ ఆయన పేరును ఊళ్ళకు మోసినది పాలేరు నాటకం. స్వాతంత్ర్యానికి ముందటి దశకంలో పుట్టిన ఈ నాటకం కోస్తా గ్రామాలలో ఎన్నోచోట్ల రంగమెక్కినది. కథ సూటియైనది. పాలేరుగా ఉన్న కుర్రవాడు ఒక ఉపాధ్యాయుని చేయూతతో చదువుకొని, డిప్యూటీ కలెక్టరై తిరిగివస్తాడు. పేటవారు ఆ నాటకాన్ని లాంతరు వెలుగులో కూర్చుండి చూచినారు. అంతవరకు రంగస్థలం మీద తమవంటివారు కనబడితే తలగుడ్డ తీసి నిలబడే నౌకరుగానో, నవ్వించే తాగుబోతుగానో కనబడేవారు. తమ పిల్లవాడే కుర్చీలో కూర్చున్న దృశ్యం వారికి అదే మొదలు. ఆ నాటకం చూచి, పాలేరుతనం మాన్పించి, పిల్లలను బడికి పంపినవారు ఎందరో ఉన్నారని ఆ కాలం ఎరిగినవారు చెప్పుకొనేవారు. తెలుగులో ఇంతటి ఫలితమిచ్చిన నాటకాలను వ్రేళ్ళమీద లెక్కపెట్టవచ్చును.

సాహిత్యం బోధించేవారికి ఇక్కడ ఒక సందేహం కలుగక మానదు. ఒక పాలేరు కలెక్టరైనంత మాత్రాన పాలేరుతనం పోయినదా? ఆ కుర్రవాడు విడిచిన అరకను మరొక కుర్రవాడు పట్టుకొనడా? ఈ ఆక్షేపణ న్యాయమైనది. ఒక్కని ఉన్నతి అందరి విముక్తి కాదు. అంటరానితనాన్ని నిషేధించడానికి 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణం కావలసి వచ్చినది. దానిని నేరంగా శిక్షించడానికి 1955లో చట్టం కావలసి వచ్చినది. అప్పుకు మనిషిని కట్టివేసే వెట్టిని రద్దు చేయడానికి 1976 దాకా ఆగవలసి వచ్చినది. అయితే చట్టం ఒకటి వచ్చినప్పుడు దానిని చేతబట్టుకొని నిలబడే మనిషి ఉండవలెను. నా స్థానం ఇదే అని నమ్మినవానికి ఏ చట్టమూ అక్కరకు రాదు. ఆ నమ్మకాన్ని కదిలించడం నాటకం చేయగల పని. పాలేరు ఆ పని చేసినది.

కట్టుబాటు రెండు కాళ్ళమీద నిలిచి ఉన్నదని భీమన్నగారు గ్రహించినారు. ఒకటి భూమి, రెండవది కథ. భూమి ఎవరిదో పట్టాలు చెబుతాయి. మనిషి ఎక్కువ తక్కువలను పురాణాలు చెబుతాయని జనం నమ్ముతారు. కనుక ఆయన ఆ పురాణాలలోకే నడిచి వెళ్ళినారు. ఆదికవి వాల్మీకిని తనవానిగా చెప్పుకొన్నారు. రాగవాసిష్ఠమనే నాటకంలో అరుంధతీవసిష్ఠుల ప్రణయాన్ని ఇతివృత్తంగా గ్రహించి, అరుంధతిని దళితకన్యగా నిలబెట్టినారు. ఇది ఆయన కల్పించి చేర్చిన చిత్రం కాదు. వసిష్ఠుని పెండ్లాడిన అక్షమాల అధమజాతిలో పుట్టినదని మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమే చెబుతున్నది. అక్షమాలయే అరుంధతి అని పెద్దలు చెబుతారు. తెలుగునాట అరుంధతీయులమని చెప్పుకొనే దళితశాఖ నేటికీ ఉన్నది.

ఈ నాటకాన్ని కోనసీమలో నిలబడి తలచుకొంటే దాని పదును మరింత తెలుస్తుంది. ఆ సీమకు పడమటి ఎల్లగా పారే గోదావరి పాయకు వశిష్ఠుని పేరున్నది. అగ్రహారాలలో పెండ్లి జరిగిన ప్రతి ఇంటా పురోహితుడు వధూవరులను వాకిట నిలబెట్టి, ఆకాశంలో అరుంధతీ నక్షత్రాన్ని చూపుతాడు. చూచినామని చెప్పి వారు నమస్కరిస్తారు. ఆ నక్షత్రానికి మ్రొక్కిన చేతులే, ఆమె బిడ్డలమన్నవారిని గడప దాటనీయలేదు. భీమన్నగారు ఎవరినీ తిట్టలేదు. చూపిన నక్షత్రాన్నే మరల చూపినారు.

అందరి ప్రశ్నలూ ఇంత మెత్తగా ఉండగల కాలం ఎక్కువ రోజులు సాగలేదు. 1968 ఫిబ్రవరిలో కృష్ణాజిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుని దొంగతనం మోపి సజీవంగా తగులబెట్టినారు. అదే సంవత్సరం డిసెంబరు 25న తంజావూరు జిల్లా కీళ్వెణ్మణిలో, కూలి పెంచమని అడిగిన పాపానికి, గుడిసెలో తలదాచుకొన్న 44 మంది స్త్రీలూ పిల్లలూ వృద్ధులూ అగ్నికి ఆహుతి అయినారు. తాటియాకుల కప్పు ఒక్క నిప్పురవ్వతో లేచిపోతుందని పేటలో పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. భీమన్నగారి కవితాసంపుటి గుడిసెలు కాలిపోతున్నాయి ఆ కాలపు పొగలోనుంచి వెలువడినది. దానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించినది. వెన్నెలను ప్రేమించిన కవి నిప్పును చూడక తప్పినది కాదు.

ఉద్యోగరీత్యా ఆయన రాష్ట్ర ప్రభుత్వపు అనువాద విభాగానికి సంచాలకులైనారు. పరిపాలన తెలుగులో సాగవలెనంటే, శాసనాలూ ఉత్తరువులూ తెలుగులోకి రావలెను. ఒకనాడు అక్షరానికి ఎడంగా కూర్చోబెట్టబడినవాని చేతిమీదుగా ప్రభుత్వపు మాట తెలుగై ప్రజలకు చేరినది. తరువాత శాసనమండలి సభ్యులుగా కూడ ఉన్నారు. 1973లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ ఆయనకు లభించినాయి. డెబ్బదికి పైగా గ్రంథాలు రచించి, 2005 డిసెంబరులో, తొంబది అయిదవ యేట హైదరాబాదులో కన్నుమూసినారు.

ఆయన జీవితకాలంలోనే ఆయనను ప్రశ్నించినవారు పుట్టినారు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు ఘోరాలు జరిగిన తరువాత వచ్చిన దళితకవుల భాష వేరు. పురాణాలను తమవిగా చెప్పుకొనడం వారికి రుచించలేదు. ఆ పురాణాలను వదలివేయవలసినదే అని వారన్నారు. ప్రభుత్వ బిరుదులు పొందిన కవిని వారు కొంత అనుమానంతో చూచినారు. ఇందులో తప్పుపట్టవలసినది లేదు. ప్రశ్నించడం నేర్పినవానిని కూడ ప్రశ్నించడమే ఆ విద్యకు పరీక్ష. భీమన్నగారు తలుపు తట్టినారు, వెనుక వచ్చినవారు తలుపు ఎందుకున్నదని అడిగినారు. ముందు తట్టిన చప్పుడు లేనిదే రెండవ ప్రశ్న వినబడేది కాదు.

ఆయన కాలధర్మం చెందిన పదునారేండ్లకు పైబడి, 2022 ఏప్రిల్ 4న కోనసీమ అమలాపురం ముఖ్యపట్టణంగా ప్రత్యేక జిల్లా అయినది. ఆ జిల్లాకు డాక్టర్ అంబేడ్కర్ పేరు చేర్చవలెనని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, అదే సంవత్సరం మే 24న అమలాపురంలో ఆందోళన చెలరేగినది. ఒక మంత్రి ఇంటినీ, ఒక శాసనసభ్యుని ఇంటినీ తగులబెట్టినారు. పచ్చని కొబ్బరితోటల మీదుగా లేచిన ఆ పొగను దేశమంతా చూచినది. ఒక పేరు చేరితే సీమ అందం తగ్గుతుందని తలచినవారు అంతమంది ఉన్నారా అని చూచినవారు ఆశ్చర్యపడినారు. మామిడికుదురు మనిషి బ్రతికి ఉంటే ఆశ్చర్యపడి ఉండడని నాకు తోచుతుంది. చివరకు ఆ పేరు చేరినది. నేడు ఆ జిల్లా డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా. కులనిర్మూలనను తెలుగు చేసిన కవి పుట్టిన ఊరు, ఆ గ్రంథకర్త పేరు మోసే జిల్లాలో ఉన్నది.

కోనసీమ అందమైనదని భీమన్నగారు ఎన్నడూ కాదనలేదు. ఆ అందం ఎవరి చేతుల మీదుగా వచ్చినదో, అందులో ఆ చేతులకు దక్కిన పాలెంతో అడిగినారు. ఆ అడగడం ఆ సీమమీది ద్వేషం వల్ల వచ్చినది కాదు. తనది కాదనుకొన్న ఇంటి లెక్కలు ఎవరూ అడగరు. నేడు ఆ సీమలో పేట పిల్లలు ఊరిబడిలో అందరితో కలిసి కూర్చుంటున్నారు. వారి పాఠాలలో కొబ్బరితోటల వర్ణన ఎట్లాగూ ఉంటుంది. దాని సరసను, ఆ తోటల నడుమ నిలిచి మొదటిసారి నోరు విప్పిన ఈ పాలేరు కథ కూడ ఉండవలెను. వారిలో ఎవరు అరక విడిచి వచ్చినవారి మనుమలో, ఎవరు అరక పట్టించినవారి మనుమలో గాని, ఇరువురికీ అది తెలియవలసిన కథయే.